షోలాపూర్ నుంచి చైనా కొండలదాకా: డాక్టర్ కోట్నిస్

భానూర్ నుంచి పటాన్‌చెరు వచ్చి, బొంబాయి రోడ్డెక్కి పడమరకు పోతే ఇస్నాపూర్, సంగారెడ్డి చౌరస్తా, సదాశివపేట, జహీరాబాద్ దాటుకుని ఆ రోడ్డు షోలాపూర్ చేరుతుంది. మగ్గాలు మూలబడి, అప్పులు మీదపడి తెలంగాణ జిల్లాల పద్మశాలీలు తరతరాలుగా బతుకుదెరువు కోసం పోయిన ఊరు అది. ఈనాటికీ అక్కడి తూర్పు పేటల్లో మరమగ్గాల దగ్గర, బీడీల చాటల ముందు తెలుగు వినబడుతుంది. ఆ షోలాపూర్‌లో పుట్టిన ఒక డాక్టరు ముప్పై రెండేళ్ళ వయసులో ఉత్తర చైనా కొండల్లో చనిపోయాడు. ఆయన పేరు ద్వారకానాథ్ శాంతారాం కోట్నిస్. తెలుగువాడు కాదు, మరాఠీవాడు. అయినా మన వలస కూలీలు నీళ్ళు తాగిన ఊరివాడు గనుక మనవాడనే అనుకుంటాం.

సభల్లో ఆయన పేరు ఎత్తినప్పుడు మనవాళ్ళు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. పరాయి దేశంలో గాయపడ్డ సైనికులకు సేవ చేశాడని, ప్రాణమిచ్చాడని. రెండూ నిజమే. కాని అంతటితో ఆపేస్తే ఆయన చేసిన అసలు పని చెప్పనట్టే లెక్క. ఆపరేషన్లు చేసే మంచి డాక్టర్లు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. మందులు దొరకనిచోట, కట్టిన ఇల్లు నాలుగు రోజులు నిలవనిచోట, అంతంత మాత్రం చదువున్న రైతుబిడ్డలను వైద్యసిబ్బందిగా తయారుచేసి, రేపు తాను లేకపోయినా వైద్యం ఆగకుండా చూసినవాళ్ళు బహు కొద్దిమంది. కూలీనాలీ జనం మధ్య తిరిగే మనకు కోట్నిస్ జీవితంలో ఎక్కువ పనికొచ్చేది ఆ భాగమేనని మా అభిప్రాయం.

కోట్నిస్ 1910 అక్టోబరు 10న పుట్టాడు. తండ్రి శాంతారాం నూలు మిల్లులో గుమాస్తాగా పనిచేసేవాడు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో నిండిన ఇల్లు. షోలాపూర్ అప్పటికే మిల్లుల పట్నం. 1930 మే నెలలో గాంధీని అరెస్టు చేసిన కబురు రాగానే అక్కడి మిల్లు కార్మికులు పనులాపి వీధుల్లోకి వచ్చారు. కొద్దిరోజులపాటు ఊళ్ళో బ్రిటిషు పాలన లేకుండా పోయింది. తెల్లదొరలు సైనిక శాసనం పెట్టి ఊరిని మళ్ళీ పట్టుకున్నారు. మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్దా, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే అనే నలుగురిని 1931 జనవరి 12న ఉరితీశారు. అప్పటికి కోట్నిస్‌కు ఇరవై ఏళ్ళు. ఒక ఊరు అంత చూసిన తర్వాత అక్కడి పిల్లలు దేశం గురించి ఆలోచించకుండా ఉంటారా!

ఆయన వైద్యం చదివింది బొంబాయిలో, సేఠ్ గోవర్ధన్‌దాస్ సుందర్‌దాస్ వైద్య కళాశాలలో. ఈ కాలేజీకి ఒక విశేషం ఉంది. బ్రిటిషు డాక్టర్ల కింద నౌకరీ చేయాల్సిన పని లేకుండా, భారతీయ డాక్టర్లే పాఠాలు చెప్పాలన్న షరతు మీద 1926లో మొదలైంది. డిగ్రీ చేతికొచ్చాక కోట్నిస్ పై పరీక్షలకు చదువుతున్నాడు. ఇంకో రెండేళ్ళు ఓపిక పడితే బొంబాయిలో బోర్డు పెట్టుకుని దర్జాగా బతికేవాడే.

1937 జులైలో జపాన్ సామ్రాజ్యవాదులు చైనా మీద పూర్తిస్థాయి యుద్ధానికి దిగారు. చైనాలో ఎర్రసైన్యం ఎనిమిదవ రూట్ సైన్యంగా పేరు మార్చుకుని జపాన్‌తో పోరాటానికి దిగింది. దాని సేనాని చూటే భారతదేశం సాయం కోరుతూ నెహ్రూకు లేఖ రాశాడు. సైన్యం ఉంది, ధైర్యం ఉంది, గాయాలకు కట్టుకట్టే డాక్టర్లు లేరు, మందులు లేవు. 1938లో కాంగ్రెస్ అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ చంద్రబోస్ దేశానికి పిలుపిచ్చాడు. మనమే బానిసలుగా ఉన్న రోజులవి. అయినా జనం చందాలు వేసి రు. 22 వేలు పోగుచేశారు. ఒక అంబులెన్సు, ఐదుగురు డాక్టర్లు సిద్ధమయ్యారు. అలహాబాద్ డాక్టర్ అటల్ నాయకుడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. నాగపూర్ నుంచి చోల్కర్, కలకత్తా నుంచి విజయకుమార్ బసు, దేబేష్ ముఖర్జీ, షోలాపూర్ నుంచి కోట్నిస్. 1938 సెప్టెంబరు 1న బొంబాయిలో ఓడ ఎక్కారు.

కాంటన్‌లో దిగి హాంకౌ, చుంగ్‌కింగ్ పట్నాల మీదుగా వాళ్ళు 1939 ఫిబ్రవరిలో యేనాన్ చేరారు. కమ్యూనిస్టుల ముఖ్య స్థావరం అది. కొండల పక్కన తవ్విన గుహల్లోనే ఆఫీసులు, బడులు, ఆసుపత్రులు. చైనాలో ఉండగానే కోట్నిస్‌కు తండ్రి చనిపోయాడన్న కబురు అందింది. పెద్దదిక్కు పోయిన ఇంటికి తిరిగి వెళ్తానంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆయన వెళ్ళలేదు. చోల్కర్, ముఖర్జీ ఆ సంవత్సరమే వెనక్కి వచ్చేశారు, 1940లో అటల్ వచ్చేశాడు. వాళ్ళను తక్కువ చేయాల్సిన పనిలేదు. వచ్చిన ఒప్పందం మేరకు పనిచేశారు, కొందరి ఆరోగ్యాలు పాడయ్యాయి. చివరికి బసు, కోట్నిస్ మిగిలారు.

ఇక్కడ కెనడా డాక్టర్ నార్మన్ బెత్యూన్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. లేకపోతే కోట్నిస్ ఏ పనిని భుజాన వేసుకున్నాడో అర్థం కాదు. బెత్యూన్ 1938లో యేనాన్ వచ్చి, అక్కడినుంచి షాన్సీ, చహార్, హోపే రాష్ట్రాల సరిహద్దు స్థావరానికి వెళ్ళాడు. పట్నాలు, రైలుమార్గాలు జపాన్ చేతిలో, కొండలు, పల్లెలు గెరిల్లాల చేతిలో ఉన్న ప్రాంతం అది. సుంగ్‌యెన్‌కౌ అనే ఊళ్ళో ఆయన ఒక ఆదర్శ ఆసుపత్రి పెట్టించాడు. ఊరి రైతులు, వడ్రంగులు, కమ్మరులు కలిసి కష్టపడి సిద్ధం చేశారు. 1938 సెప్టెంబరులో ప్రారంభమైంది. కొద్ది వారాలకే జపాన్ సైన్యం వచ్చి దాన్ని ధ్వంసం చేసింది.

ఆ దెబ్బతో బెత్యూన్ దారి మార్చాడు. గెరిల్లా యుద్ధం సాగేచోట ఒకచోట కూర్చునే ఆసుపత్రి పనికిరాదని గ్రహించాడు. ఆసుపత్రిని గాడిదల వీపున ఎక్కించాడు. అక్కడి రైతులు పొలాలకు ఎరువు మోసే గంపల్ని చూసి, అదే తీరులో రెండుపక్కలా వేలాడే పెట్టెలు చేయించి, ఆపరేషన్ సామాను, కట్లు, మందులు వాటిలో సర్దించాడు. పెట్టెల మీద తలుపు పరిస్తే అదే మందులిచ్చే బల్ల. ఎరువు గంపలోంచి ఆసుపత్రి పుట్టడమంటే మన వ్యవసాయ కూలీలకు ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు. దానికంటే పెద్దపని మరొకటి చేశాడు. స్థానిక యువకులకు పాఠాలు చెప్పడం, వాళ్ళకోసం చిన్నచిన్న పుస్తకాలు రాయడం మొదలుపెట్టాడు. 1939లో అక్కడ ఒక వైద్య పాఠశాల ఏర్పడింది. ఆ నవంబరు 12న బెత్యూన్ చనిపోయాడు. చేతికి తొడుగులు లేకుండా ఆపరేషన్ చేస్తూ వేలు కోసుకున్నాడు, గాయం విషమించి రక్తంలోకి ఎక్కింది. పాఠశాలకు, ఆసుపత్రికి ఆయన పేరే పెట్టారు.

సుంగ్‌యెన్‌కౌ కథ చదివినప్పుడు మాకు మన ఊళ్ళు గుర్తుకొస్తాయి. మన దగ్గర బాంబులు పడలేదు. అయినా ప్రభుత్వానికి వైద్యం అనగానే ముందు భవనం గుర్తుకొస్తుంది. శంకుస్థాపన, శిలాఫలకం, రిబ్బను, ఫొటో. తర్వాత డాక్టరు డిప్యుటేషన్ మీద ఇంకోచోటికి పోతాడు, నర్సు పోస్టు ఖాళీగా ఉంటుంది, మందులిచ్చే మనిషి కాంట్రాక్టు ముగిసి ఇంటికి పోతాడు. తిరుగుడులో భాగంగా మేము పోయిన ఒక ఊళ్ళో దవాఖాన తాళానికి తుప్పు పట్టింది, వరండాలో మేకలు కట్టేసి ఉన్నాయి. ఊరి జనం జరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గరికే పోతున్నారు. జపాన్‌వాడు కాల్చింది ఒక్క ఆసుపత్రిని. మనుషుల్లేక పాడుబడ్డవి మన దగ్గర ఎన్ని ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు?

కోట్నిస్, బసు 1940లో ఈ సరిహద్దు స్థావరానికే వచ్చారు. అదే సంవత్సరం ఆగస్టులో ఎనిమిదవ రూట్ సైన్యం జపాన్ ఆధీనంలోని రైలుమార్గాల మీద, కోటల మీద పెద్ద దాడి ప్రారంభించింది. చరిత్రలో దానికి వంద రెజిమెంట్ల పోరాటమని పేరు. క్షతగాత్రులు మంచాల మీద, డోలీల మీద వరసగా వచ్చారు. కోట్నిస్ ఒక దశలో 72 గంటలు నిద్ర లేకుండా ఆపరేషన్లు చేశాడు. ఆ పోరాటంలో ఆయన చేతుల మీదుగా వైద్యం పొందినవాళ్ళు 800 మందికి పైనే. సినిమాల్లో, పాఠాల్లో అందరూ చెప్పే ఘట్టం ఇదే. కాని 72 గంటలు ఒక మనిషి మేలుకుని ఉండాల్సి వచ్చిందంటే, ఆ పక్కన నిలబడి పని అందుకునే మరో నాలుగు జతల చేతులు లేవనే అర్థం. ఆ చేతుల్ని తయారుచేయడానికే ఆయన మిగిలిన రెండేళ్ళూ ఖర్చుపెట్టాడు.

1941 జనవరిలో బెత్యూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి కోట్నిస్‌ను డైరెక్టరుగా నియమించారు. డైరెక్టరు అనగానే గాజు తలుపులు, ఏసీ గది అనుకోకండి. ఆసుపత్రి అంటే కొండ పల్లెల్లో రైతులు ఖాళీచేసి ఇచ్చిన మట్టి ఇళ్ళు. రోగులు ఆ ఇళ్ళలోనే, ఇంటివాళ్ళ మధ్యనే. శత్రువు దిగ్బంధం వేశాడు గనుక మందులు దొంగదారుల్లో పట్నాలనుంచి కొద్దికొద్దిగా రావాలి. గాయాల కట్లు ఉతికి, ఉడకబెట్టి, ఆరేసి మళ్ళీ వాడేవాళ్ళు. కొన్ని పనిముట్లు ఊరి కమ్మరి కొలిమిలోనే తయారయ్యేవి. విరిగిన కాళ్ళకు కట్టే బద్దలు వడ్రంగి చేసిచ్చేవాడు.

ఆసుపత్రికి తోడు వైద్య పాఠశాల. కోట్నిస్ అక్కడ శస్త్రచికిత్స బోధించాడు. విద్యార్థులు ఎవరు? రైతుల కొడుకులు, కూతుళ్ళు, సైన్యంలో చేరిన పడుచువాళ్ళు. వాళ్ళలో చాలామందికి చదవడం రాయడం కొద్దిగానే వచ్చు. బొంబాయి కాలేజీలో ఇంగ్లీషులో చదివిన డాక్టరు వీళ్ళకు ఏ భాషలో చెప్పాలి? మొదట దుబాసీ ఉండేవాడు. దుబాసీని పెట్టుకుని పాఠం చెప్పడమంటే గొంగట్లో కూర్చుని వెంట్రుకలు ఏరుకున్నట్టే ఉంటుంది. కోట్నిస్ పట్టుబట్టి చైనా భాష నేర్చుకున్నాడు. మాట్లాడటమే కాదు, వేలాది గుర్తులున్న ఆ లిపిని రాయడం కూడా. చివరికి ఆ భాషలోనే విద్యార్థులకు శస్త్రచికిత్స పాఠ్యపుస్తకం రాసే పనిలో దిగాడు. పేరు కూడా చైనా పద్ధతిలో కె తిహువా అని మారింది. హువా అంటే చైనా.

మన దగ్గర వైద్యవిద్య సంగతి చూడండి. కూలీవాని బిడ్డ నర్సు చదువుకు పోతే ముందు భయపెట్టేది ఇంగ్లీషు. తెలుగులో చెబితే శరీరం గురించి అర్థం కాదా? బెంగాల్, ఆంధ్ర, మహారాష్ట్ర పల్లెల్లో మంత్రసానులు తరతరాలు ఏ ఇంగ్లీషుతో పురుళ్ళు పోశారు? పై చదువులకు ఇంగ్లీషు అవసరమే, కాదనడం లేదు. ఊళ్ళో పనిచేసే మనిషికి మొదటి పాఠం ఊరి భాషలో రావాలి. కోట్నిస్ పరాయి దేశంలో ఈ సంగతి పట్టుకున్నాడు, మన పాలకులకు సొంత దేశంలో పట్టలేదు.

పాఠశాల కూడా గాడిద వీపు ఆసుపత్రి లాంటిదే. 1941, 1942లలో జపాన్ సైన్యం స్థావర ప్రాంతాల్ని తుడిచిపెట్టే దాడులు సాగించింది. అందరినీ చంపడం, అన్నీ కాల్చడం, అన్నీ దోచడం దాని విధానం. దాడి కబురు వస్తే రోగుల్ని రైతుల ఇళ్ళలో, కొండ గుహల్లో దాచి, పుస్తకాలు, సామాను మూట కట్టుకుని పాఠశాల కదిలేది. దాడి దాటాక మరో ఊళ్ళో పాఠం మొదలయ్యేది. ఉదయం చదివింది సాయంత్రం నిజమైన గాయం మీద చేసి చూపాల్సిందే.

ఇలా తయారైన యువకులు పైనుంచి కిందికి ఒక అల్లికలో పనిచేశారు. పోరాడే దళం వెంట ఉండేవాడికి రక్తం ఆపడం, కట్టు కట్టడం, ఎముక కదలకుండా బద్దవేయడం వచ్చి ఉండాలి. గాయపడ్డవాణ్ణి మోసుకొచ్చేది ఊరి రైతులే. దగ్గరలో కట్లుమార్చే స్థావరం, దాని వెనక ఆపరేషన్ జరిగే చోటు, ఇంకా వెనక కోలుకునే ఇళ్ళు. కింద ఉన్నవాడికి తన హద్దు తెలుసు, హద్దు దాటిన కేసును ఎవరికి పంపాలో తెలుసు, పంపితే పైవాడు చూస్తాడని నమ్మకం ఉంది. ఊరికి ఒక మనిషిని వేసి నాలుగు మాత్రలు చేతిలో పెట్టి వదిలేస్తే దాన్ని ఆరోగ్య వ్యవస్థ అనరు. వెనక ఈ అల్లిక ఉండాలి. ఇంకో సంగతి, ఆ స్థావరంలో తిండి, బట్ట అందరికీ సైన్యమే ఇచ్చేది. కట్లు కట్టే పిల్లను వాలంటీరు అని పొగిడి, పస్తు పెట్టి పనిచేయించుకోలేదు.

1941 నవంబరులో కోట్నిస్ ఆ పాఠశాలలోనే నర్సింగు బోధించే కువో చింగ్‌లాన్‌ను పెళ్ళి చేసుకున్నాడు. 1942 జులైలో చైనా కమ్యూనిస్టు పార్టీ సభ్యుడయ్యాడు. ఆగస్టులో కొడుకు పుట్టాడు. స్థావరం సేనాని నియె రుంగ్‌చెన్ ఆ పిల్లవాడికి యిన్‌హువా అని పేరు సూచించాడు. యిన్ అంటే భారతదేశం, హువా అంటే చైనా.

అప్పటికే కోట్నిస్‌కు మూర్ఛలు వస్తున్నాయి. కొండల్లో తిరుగుడు, చలి, అరకొర తిండి, నిద్రలేమి ఆయన్ను పీల్చేశాయి. విశ్రాంతికోసం ఇంకో చోటికి పొమ్మని నాయకులు చెప్పారు. వదిలి పోవడానికి ఒప్పుకోలేదు. ఇక్కడ మాకు ఒక సందేహం ఎప్పుడూ ఉంటుంది. ఆయన తప్పుకుని వైద్యం చేయించుకుని ఉంటే ఇంకో ముప్పై ఏళ్ళు ఎన్ని వేలమందిని తయారుచేసేవాడో గదా! కార్యకర్తలు ఒళ్ళు పాడుచేసుకోవడాన్ని త్యాగమని మెచ్చుకోవడం మన ఉద్యమాల్లోనూ ఉంది. అది మంచి అలవాటు కాదు. 1942 డిసెంబరు 9న హోపే రాష్ట్రం తాంగ్ జిల్లా గెగుంగ్ గ్రామంలో వరసగా మూర్ఛలు వచ్చి ఆయన చనిపోయాడు. కొడుకుకు నాలుగు నెలలు నిండలేదు. పాఠ్యపుస్తకం సగంలో ఆగింది.

పాఠశాల మాత్రం ఆగలేదు. బెత్యూన్ పోతే కోట్నిస్ వచ్చినట్టే, కోట్నిస్ పోయాక ఆయన విద్యార్థులు ఉన్నారు. విప్లవం గెలిచిన తర్వాత చైనా ఇదే బాటను దేశమంతా వేసింది. 1965లో మావో వైద్యాన్ని పల్లెలకు మళ్ళించమన్న తర్వాత, పొలం పనిచేసే యువకులకే కొద్దినెలల శిక్షణ ఇచ్చి ఊళ్ళలో నిలబెట్టారు. చెప్పుల్లేని డాక్టర్లని పేరొచ్చింది. వాళ్ళ సంఖ్య పది లక్షలు దాటింది. వాళ్ళ కూలి ఊరి ఉమ్మడి సాగు లెక్కల్లోనే పడేది. 1980ల మొదట్లో ఉమ్మడి సాగును రద్దుచేశారు. కూలి ఇచ్చే చెయ్యి పోయింది, చెప్పుల్లేని డాక్టర్లూ పలుచబడ్డారు. చైనాను పొగిడేవాళ్ళు ఈ రెండో సగం చెప్పరు, తిట్టేవాళ్ళు మొదటి సగం చెప్పరు.

మన ప్రభుత్వం కూడా 1977 అక్టోబరు 2న గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకం తెచ్చింది. నెలకు రు. 50 గౌరవ వేతనం. ఆ పేరు చూస్తేనే తెలుస్తుంది, గౌరవం ఎక్కువ, వేతనం తక్కువ. అది నీరుగారింది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద వెయ్యి జనాభాకు ఒకరు చొప్పున ఆశా కార్యకర్తలు వచ్చారు. గర్భిణీలను దవాఖానకు తీసుకుపోయేది వాళ్ళే, క్షయ రోగికి మందు మింగించేది వాళ్ళే, 2020లో కరోనా వచ్చినప్పుడు ఇంటింటికీ పోయిందీ వాళ్ళే. అయినా కాగితం మీద వాళ్ళు కార్మికులు కారు, వాలంటీర్లు. చేసిన పనికి పారితోషికం. తెలంగాణ ఆశాలు 2015లో మూడు నెలలకు పైగా సమ్మె చేశారు, 2023లో మళ్ళీ సమ్మెకు దిగారు. వాళ్ళడిగింది స్థిరమైన జీతం.

మన తెలుగునాట కోట్నిస్ బాటలో నడిచినవాళ్ళు లేకపోలేదు. సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి, పల్లెటూరి కార్యకర్తలకు ప్రాథమిక వైద్యం నేర్పి ఊళ్ళకు పంపారు. ఇటు నక్కవాగు వెంట ఊళ్ళను ఫ్యాక్టరీల విషం ముంచినప్పుడు పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు దశాబ్దాలు పోరాడారు. ఒక్కో డాక్టరు ఎంతకని లాగుతాడు? భానూర్, పాశమైలారం, ఇస్నాపూర్ చుట్టూ ఇవాళ పొలం కూలీలు, ఫ్యాక్టరీ కూలీలు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన వలస కూలీలు కలిసి బతుకుతున్నారు. 2025 జూన్ 30న పాశమైలారం మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. మందులు తయారుచేసే నేల ఇది. ఇక్కడి కూలీల గదుల్లో కాలిన ఒంటిమీద మొదట ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలిసినవాళ్ళు ఎందరున్నారు? ప్రతి బస్తీకి, ప్రతి షెడ్డుకు అక్కడి కూలీల్లోంచే ఒక ఆడమనిషికి, ఒక మగమనిషికి వాళ్ళ భాషలో శిక్షణ, చేతికి జీతం, వెనక పనిచేసే దవాఖాన. ఆశాల జీతం డిమాండుతోపాటు దీన్నీ మన సంఘాలు మెమొరాండాల్లో చేర్చాలి.

కోట్నిస్ భౌతికకాయాన్ని మొదట తాంగ్ జిల్లాలోనే పూడ్చారు. 1953లో హోపేలోని షిచియాచువాంగ్ అమరవీరుల వనానికి తరలించారు. బెత్యూన్ సమాధి కూడా అక్కడే. 1946లో వి. శాంతారాం ఆయన జీవితాన్ని హిందీ సినిమాగా తీశాడు. కొడుకు యిన్‌హువా వైద్యం చదువుతూనే 1967లో చిన్నవయసులో చనిపోయాడు. కువో చింగ్‌లాన్ 2012దాకా బతికింది, అనేకసార్లు మన దేశం వచ్చి అత్తవారింటి బంధువులను కలిసింది. షిచియాచువాంగ్‌లో 1992లో ఆయన పేరుమీద ఒక వైద్య పాఠశాల పెట్టారు. షోలాపూర్‌లో ఆయన ఇంటిని స్మారకంగా ఉంచారు. ఆ ఊళ్ళో చుట్టాలున్నవాళ్ళు పెళ్ళికో చావుకో పోయినప్పుడు ఒక పూట అటు పోయి చూసి రండి.